ఒక రకం ఉప్పు

పాత పోస్టాఫీసు వీధిలో నా కుట్టుమిషను తలుపుకి
కాగితం అంటించాను:
"ఓడ మీదకి వెళ్తున్నాం. జాకెట్లు సోమవారం."
రెండుసార్లు చదువుకుని
ఓడ అన్నమాట కింద గీత గీశాను.

నలుగురం. పదహారు నెలల చీటీ.
జరీనా, ఎర్రయ్యమ్మ, పెంటమ్మక్క, నేను.
పుట్టిన్నాటినుంచీ ఓడల కూతకి ఉలిక్కిపడి లేచినవాళ్ళం,
ఆరేసిన చీరల మీద ఇనుపరాయి దుమ్ము దులుపుకున్నవాళ్ళం.
ఒక్క ఓడా మా కోసం ఆగింది లేదు.

చీరలకంటే ముందు మందు సర్దాను.
బలం గోళీల సీసా ఒకటి కడిగి, ఎండబెట్టి,
స్ట్రిప్పుల్లోంచి తెల్లబిళ్ళలు ఒక్కొక్కటే నొక్కి
అందులో పోశాను.
మూత మీద మామిడిపండు బొమ్మ.
ఎవరైనా అడిగితే, బలానికి.

కేజీహెచ్ డౌన్‌లో మందులషాపు సూరిబాబు
సీసా ఊపి చూశాడు. నవ్వలేదు.
"పేరు లేని బిళ్ళ ఓడెక్కదు బంగారమ్మా.
స్ట్రిప్పులోనే ఉండాలి, పక్కన డాక్టరు చీటీ ఉండాలి.
పెద్దపెట్టెలో పెట్టకు, అది గదికెప్పుడొస్తుందో దేవుడికెరుక.
మూడ్రోజులకి ఆరు రోజులవి తీసుకెళ్ళు,
తుపాను పుడితే ఓడ మాట తప్పుతుంది."
కొత్త స్ట్రిప్పులు కట్టిస్తూ గొంతు తగ్గించి,
"వాంతులైతే ఊరుకోకు, ఓడలో డాక్టరుకి చెప్పు.
నీళ్ళు తాగు. ఉప్పు మానకు.
ఇదీ ఒక రకం ఉప్పే కదా,
ఒంట్లో నీరు తగ్గితే ఇదే విషమవుద్ది."

తెలుసు.
పద్నాలుగేళ్ళ కిందట, మూడు రాత్రులు కన్ను మూయకుండా,
జనం ఇచ్చిన జాకెట్టు ముక్కలన్నీ కలిపి,
పట్టూ నూలూ, పెళ్ళివారివీ పేదవారివీ,
ఒకే ఒక్క తెరచాప కుట్టాను.
సముద్రం నన్ను పేరుపెట్టి పిలిచింది మరి.
దాన్ని భుజానేసుకుని ఫిషింగ్ హార్బరు దాకా నడిచాను.
అక్కణ్ణించి చినవాల్తేరుకి, ఆటోలో.
ఈ ఊళ్ళో చినవాల్తేరంటే పేట కాదు, ఒక నవ్వు.
ఆ నవ్వు నా గడప తొక్కకుండా
ఇల్లు మార్చాను, వీధి మార్చాను,
సీసాలు మార్చాను.

ఓడరేవు గేటు దగ్గర
నీలిచొక్కా కుర్రాడు ట్రే ముందుకి తోశాడు.
"ఇదేంటమ్మా?"
"ఉప్పండి."
అబద్ధం కాదు.
వాడు డాక్టరు చీటీ విప్పి పైకి చదివాడు,
మందు పేరు, పూటకెన్ని,
కింద గుండ్రటి ముద్రలో ఆస్పత్రి పేరుతో సహా.
వెనక ముగ్గురూ.
నేను తిరిగి చూడలేదు.
యారాడ కొండ ముక్కు నీళ్ళలో పెట్టుకుని
ఏమీ విననట్టే పడుకుని ఉంది.

నా భుజం మీంచి ట్రేలోకి వంగింది పెంటమ్మక్క.
"ఇదేటి, రాత్రి తొమ్మిదింటికి యేసుకునేదేనా?
పొద్దుటిది తెచ్చుకున్నావా మరి?"

చీటీ డబ్బులకని వచ్చి కూర్చునేది అక్క.
నా చేతులు సన్నగా వణికే సాయంత్రాలు.
చేపల ధరలూ, మనవడి దగ్గూ మాట్లాడుతూ మాట్లాడుతూనే
పది సూదులకి దారాలెక్కించి
దిండుకి గుచ్చి పోయేది.
తెల్లవి నాలుగు, ఎర్రవి మూడు, ఆకుపచ్చ...
కాలక్షేపానికనుకున్నాను.

ఎప్పట్నుంచి తెలుసక్కా, అని అడగడానికి నోరు తెరిచేలోపు
జరీనా ఇన్సులిన్ ఫ్లాస్కు మూత తీసి
కుర్రాడితో తగువేసుకుంది,
ఐసు కరిగితే నీదే పూచీ అని.

చీకటి పడ్డాక ఊరంతా ఓ దీపాల జరీ అంచు.
లైట్‌హౌసు వెలుగు మా మీంచి వెళ్ళి, చూసి,
మళ్ళీ వచ్చింది.
ఎర్రయ్యమ్మ కమ్మీ పట్టుకుని కక్కుతూ
చీటీ పెట్టినవాళ్ళని తిడుతోంది,
చీటీ పెట్టింది తనే.
తెరచాప కుట్టినదాన్ని
టిక్కెట్టు కొనుక్కుని ఎక్కాను.

తొమ్మిదైంది.
స్ట్రిప్పు అందరిముందూ చిట్లించాను, చిన్న చప్పుడు.
మూడు గుక్కల నీళ్ళు తాగాను.
నాలుగోది, అక్క చూస్తోందని.